గూగుల్‌కి మా బావ వేయించిన శుభలేఖ

కీవర్డ్లు ఎంచుకోవడం తేలికేనని కొందరు చదువుకున్నవాళ్ళు ప్రచారం చేస్తున్నారు. కొనేవాడు గూగుల్లో ఏ మాట కొడతాడో కనుక్కుని, ఆ మాటే పేజీలో రాస్తే చాలట. ఇంత అమర్యాద సలహా నేనెక్కడా వినలేదు. షాపు మనది, పెట్టుబడి మనది, మాటలు మాత్రం దారినపోయేవాడివా?

పలాసని ఆనుకున్న కాశీబుగ్గలో జీడిపప్పు వ్యాపారం చేసే మా బావ ఈ అన్యాయానికి ఒప్పుకోలేదు. శుభలేఖ వేయించినట్టే కీవర్డ్లూ వేయించాడు. శుభలేఖలో పెళ్ళికొడుకు పేరు కనబడకపోయినా పరవాలేదు గానీ, చినమావయ్య తోడల్లుడి పేరు తప్పితే మూడేళ్ళు మాటలుండవు కదా. అందుకని 'మూడు తరాల నమ్మకం', 'నాణ్యతకు మారుపేరు', 'నిజాయితీ' మొదలుకుని మొత్తం 112 పెట్టించాడు. 'జీడిపప్పు' 80వ చోట తగిలింది.

సైట్ చేసిన గుంటడు భయపడుతూనే అడిగాడు. "మాస్టారూ, 'నిజాయితీ' అని కొట్టి జీడిపప్పు ఎవరు కొంటారండీ?"

"అయితే నిజాయితీ లేదని రాయమంటావేటి?" అన్నాడు బావ.

ఊళ్ళ పేర్ల దగ్గర బావ చూపించిన చరిత్ర జ్ఞానం మాత్రం మెచ్చుకోవాలి. శ్రీకాకుళం జిల్లా 1950లో ఏర్పడింది, అంతకుముందు మనది విశాఖ జిల్లాయే కదా, ఆ హక్కుతో 'వైజాగ్ బెస్ట్ కాజూ' చేర్పించాడు. ఇంగ్లీషువాళ్ళు శ్రీకాకుళాన్ని చికాకోల్ అనేవారు గనక 'చికాకోల్ కాజూ' కూడా పడింది. దొరలు మళ్ళీ వస్తే పప్పు దొరక్క ఇబ్బంది పడకూడదు.

ఈ విషయంలో విజయనగరంలో లాడ్జి నడిపే మా స్నేహితుడు బావ కంటే ఒక మెట్టు పైనే. ఊరి పేరు ఇంగ్లీషులో రాసేటప్పుడు జెడ్ తీసి జె పెట్టి, చివర ఎమ్ కూడా తీయించేశాడు, ఎక్కువమంది అలా వెతుకుతారని. వెతుకుతారు, హంపీ కోసం! బెంగళూరు నుంచి ఒకాయన ఫోన్ చేసి విరూపాక్ష గుడి లాడ్జికి ఎంత దూరమని అడిగితే, వచ్చిన బేరం పోగొట్టుకోవడం ఇష్టం లేక "కాస్త పెందలాడే బయల్దేరితే సరిపోద్దండి" అన్నాడట.

మళ్ళీ బావ దగ్గరికి వద్దాం. గుంటడు కీవర్డ్ ప్లానర్ తెరిచి, జనం 'జీడిపప్పు కేజీ ధర' అని వెతుకుతున్నారని చూపించాడు. ధర అడిగేవాడు బేరగాడు, వాడు మనకెందుకన్నాడు బావ. పేజీలో సరుకు పేరు 'డబ్ల్యూ 240', 'డబ్ల్యూ 320' అనే ఉంది. పౌండుకి 240 లోపు గుండు పప్పులు తూగితే మొదటిది, 320 లోపు తూగితే రెండోది. అంకె పెరిగితే పప్పు చిన్నదన్నమాట. ఈ సంగతి వ్యాపారులకి తెలుసు. కొనేవాళ్ళు మాత్రం 'పెద్ద పప్పు' అనో, 'పాయసంలోకి బద్దలు' అనో అడుగుతారు. తెలియకపోతే నేర్చుకుంటారని బావ ధీమా.

ఇంతకీ బావ ఆ 112 మాటలూ పెట్టించింది, పేజీ లోపల కీవర్డ్ల కోసం విడిగా ఉండే మెటా ట్యాగ్ అనే చోట. దాన్ని తాము లెక్కలోకి తీసుకోవడం లేదని గూగుల్ 2009లోనే చెప్పింది. "రానివాడికి శుభలేఖ పంపమా ఏటి? మన మర్యాద మనది," అన్నాడు బావ. పైగా ఆ 112 మాటల్నీ తెల్ల పేజీ మీద తెల్ల అక్షరాలతో మరోసారి కొట్టించాడు, మనుషులకి కనబడకుండా గూగుల్ ఒక్కటే చదువుకునేటట్టు. దాన్ని గూగుల్ స్పామ్ కింద కడుతుందనీ, సైట్‌ని వెనక్కి నెట్టొచ్చనీ, అసలు చూపించకనే పోవచ్చనీ గుంటడు మొత్తుకున్నాడు. బావ ఫోన్ తీసి, ఇనిషియళ్ళతో సహా తన షాపు పూర్తి పేరు కొట్టి చూపించాడు. "చూడు, మనదే ఫస్టు!"

పోయిన నెల కూకట్‌పల్లిలో మా పిన్ని మనవడి అన్నప్రాశన. బావ పాయసం రెండు గిన్నెలు తాగాడు.

"అత్తయ్యా, పప్పు బాగుంది. ఎక్కడిది?"

"మీ ఊరిదే నాయనా. ఫోన్లో 'పలాస జీడిపప్పు బద్దలు కేజీ ఎంత, హైదరాబాద్ పంపుతారా' అని అడిగాను. ఒక షాపు వచ్చింది. ధరా, ఎన్ని రోజుల్లో వస్తుందీ అన్నీ రాసున్నాయి. నువ్వు అల్లుడివి, డబ్బులు పుచ్చుకోవని నీకు చెప్పలేదు."

ప్యాకెట్ మీద అడ్రసు చూశాం. బావ షాపుకి నాలుగు షాపుల అవతల.

తిరుగు రైల్లో బావ పలాస దాకా మాట్లాడలేదు. దిగగానే గుంటడికి ఫోన్ చేశాడు. ఇప్పుడు తెల్ల అక్షరాల్లో 113వ మాట ఉంది. అది ఆ షాపు పేరు.