స్ప్రే డబ్బా గారికి ఆటోనగర్ పెయింటరు రాసుకున్న కృతజ్ఞతల లేఖ

మహారాజశ్రీ స్ప్రే పెయింటు డబ్బా గారి దివ్యసముఖమునకు,

విజయవాడ ఆటోనగర్‌లో బళ్ళకు రంగులేసి బతికే ఒక పెయింటరు నమస్కరించి రాయునది. ఉభయకుశలోపరి. ఇక్కడ అందరమూ క్షేమం. తమరి దయ వల్ల పని కూడా బాగానే దొరుకుతోంది. ఆ దయకు థాంక్స్ చెప్పుకుందామనే ఈ ఉత్తరం.

మా షెడ్డుకి బోర్డు లేదు. ఫ్లెక్సీ కట్టలేదు, ఫోన్లో రీళ్ళు పెట్టలేదు. అయినా సోమవారం పొద్దున్నే బియ్యం సంచిలో ట్యాంకు పెట్టుకుని ఒకడు, చంకలో సైడు ప్యానెళ్ళు ఇరికించుకుని ఇంకొకడు గుమ్మంలో నిలబడి ఉంటారు. ముఖాలు చూస్తే చాలు, ఆదివారం మీరు వాళ్ళింటికి వెళ్ళొచ్చారని తెలిసిపోతుంది. కానీ ఎవరూ ముందుగా ఆ మాట చెప్పరు. "మా బావమరిది ఏదో కొట్టాడన్నా" అంటారు. ఈ జిల్లాలో బావమరుదులందరూ ఆదివారం పూట స్ప్రే పెయింటర్లేనన్న సంగతి మీ వల్లే తెలిసింది నాకు.

తమరి పుట్టుపూర్వోత్తరాలు కొంచెం వాకబు చేశాను, కోప్పడకండి. 1949లో అమెరికాలో, ఇల్లినాయ్ రాష్ట్రం సికమోర్ అనే ఊళ్ళో ఎడ్వర్డ్ సీమోర్ అనే రంగుల వ్యాపారి చేతుల్లో పుట్టారట. ఇళ్ళల్లో గది వెచ్చగా ఉంచే రేడియేటర్లకి వేసే అల్యూమినియం పెయింటు ఆయనది. అది ఎంత బాగుంటుందో కొనేవాళ్ళకి చూపించడానికి ఆయన తంటాలు పడుతుంటే, డబ్బాలో పోసి గ్యాసుతో చిమ్మి చూపించకూడదా అని ఆయన భార్య సలహా ఇచ్చిందట. అలా ఒక ఇల్లాలి మాట మీద పుట్టిన తమరు, మా ఊళ్ళో మాత్రం ఇల్లాళ్ళకి తెలియకుండా స్కూటర్ డిక్కీలో దాక్కుని ఇళ్ళల్లోకి వెళ్తున్నారు. గోడ పక్కన కదలకుండా పడుండే రేడియేటర్ కోసం పుట్టి, ఎండలో వానలో తిరుగుతూ వారానికోసారి పెట్రోలు తాగే ట్యాంకు మీదికి ఎక్కారు. ఎదుగుదల అంటే అదీ.

తమరి ఒంటి మీద రాసినవన్నీ నిజాలే. అది ఒప్పుకుని తీరాలి. కాకపోతే నిజాలన్నీ భూతద్దం పెట్టి చదవాల్సిన అక్షరాల్లో రాయించుకుని, అబద్ధం ఒక్కదాన్నే పెద్ద బొమ్మగా వేయించుకున్నారు: తళతళలాడే బైకు. ఇక మూత సంగతి. క్రోమ్ రంగు డబ్బా మూతలో ముఖం చూసుకుని దువ్వుకోవచ్చు. లోపలి నుంచి వచ్చేది మాత్రం గేట్లకు వేసే సిల్వరే. అసలు క్రోమ్ అంటే నికెల్ పూత మీద కరెంటుతో ఎక్కించే లోహం. అది నాజిల్లోంచి చిమ్మితే వచ్చేది కాదు. అయినా ఆ మూత చూసి సైలెన్సరు మొత్తానికీ రెండు డబ్బాలు కొన్నవాడు నా దగ్గరికి రాకుండా ఎక్కడికి పోతాడు?

ఇప్పుడు అసలు రహస్యం. రంగు వేయడం అంటే నాజిల్ నొక్కడమే అని తమరు లోకాన్ని నమ్మించారు. రంగు వేయడం అంటే రుద్దడం. పాత రంగు మీద 220 నంబరు పేపరుతో మొదలుపెట్టి, తుప్పు ఉన్నచోట రేకు కనిపించేదాకా దిగి, సొట్టల్లో లప్పం పెట్టి, ఆరాక దాన్ని మళ్ళీ రుద్ది, ప్రైమరు కొట్టి, నీళ్ళు పోసుకుంటూ 600, 800 వాటర్ పేపర్లతో నున్నగా చేసి, తుడిచి, ఆరబెట్టి, అప్పుడు రంగు చిమ్మే గన్ను తీస్తాం. గన్ను పట్టుకునేది అరగంట. పేపరు పట్టుకునేది రోజంతా. మా షెడ్డులో రుద్దే కుర్రాడికి వేలిముద్రలు అరిగిపోయి, రేషన్ మిషన్ వాడిని మనిషిగా గుర్తించడం మానేసింది. నెలనెలా వాళ్ళమ్మ వేలు పెడితేగానీ బియ్యం రావు. ఆ కుర్రాడి ఫొటో మీ డబ్బా మీద వేస్తే ఎవరూ కొనరు. అందుకని బైకు ఫొటో వేశారు. వ్యాపారం తెలిసినవారు.

రుద్దకపోతే ఏమవుతుందో మొదటి రోజు తెలియదు. అదే తమరి మహిమ. కొట్టిన సాయంత్రం ట్యాంకు నిగనిగలాడుతుంది. నాలుగు ఫొటోలు తీసి స్టేటస్‌లో పెడతారు. "ఇంట్లోనే చేశా, షెడ్డువాడు వేలకు వేలు అడిగాడు" అని కింద రాస్తారు. ఆ షెడ్డువాణ్ణి నేనే. స్టేటస్ చూసి దండం బొమ్మ పెట్టి ఊరుకుంటాను. తుప్పు ఎక్కడికీ పోదు, కొత్త రంగు కప్పుకుని లోపల హాయిగా కాపురం చేసుకుంటుంది. ఒక వానాకాలం గడవనివ్వండి, పొక్కులు లేస్తాయి.

కొందరైతే మరీ శ్రద్ధగా ముందురోజు బండికి డీజిల్ వాష్ చేయిస్తారు, శుభ్రంగా ఉంటుందని. దాని మీద మిగిలే జిడ్డు పొర మీద మీ రంగు పట్టు దొరక్క నిలబడలేదు. ఇంకొందరు తలకి రాసుకున్న కొబ్బరినూనె చేత్తోనే ట్యాంకుని ఆప్యాయంగా నిమిరి, వెంటనే మీ నాజిల్ నొక్కుతారు. నిమిరిన చోటల్లా రంగు పక్కకి తప్పుకుని గుండ్రటి గుంటలు పడతాయి. పాలిష్‌లో సిలికాన్ ఉన్నా అంతే. దాన్ని మేము ఫిష్ ఐ అంటాం. కస్టమర్లు "దిష్టి తగిలిందన్నా" అంటారు. నేను కాదనను. దిష్టి తీయడానికి రేటు వేరే ఉంది.

తమరు పనిచేసే చోటు గురించి కూడా చెప్పాలి. మేడ మీద. ఎండాకాలంలో. మీ పొట్ట మీద 50 డిగ్రీలు దాటిన చోట ఉంచొద్దు, ఎండలో పెట్టొద్దు అని రాసి ఉంటుంది. బెజవాడ మే నెలలో కాంక్రీటు శ్లాబు మీద చెప్పుల్లేకుండా నాలుగడుగులు వేస్తే ఆ సంగతేమిటో మీకూ తెలుస్తుంది. ఆ వేడికి తుంపర గాల్లోనే సగం ఆరిపోయి, రేకు మీద గరుకు పొడిగా రాలుతుంది. వానాకాలంలో కొడదామా అంటే గాల్లో తేమ రంగులోకి దూరి, నల్ల ట్యాంకు మీద తెల్లటి మసక కమ్ముతుంది. పోనీ రెండూ లేని రోజు చూసుకుంటే, ఆ రోజు గాలి ఉంటుంది. పక్కింటి పిన్నిగారు అదే మేడ మీద గుమ్మడికాయ వడియాలు పెట్టుకుని ఉంటుంది. మ్యాట్ బ్లాక్ వడియాల గురించి రెండు ఇళ్ళ మధ్య ఎన్నాళ్ళు మాటల్లేవో నేను విన్నాను, వివరాలు ఎందుకు లెండి.

దూరం ఎంత ఉండాలో తమరు సెంటీమీటర్లలో రాస్తారు, 20 నుంచి 25 అని. అది సరిగ్గా జానెడు. జానెడు అని రాసుంటే ఆంధ్రదేశంలో సగం ట్యాంకులు బతికిపోయేవి. సెంటీమీటర్లు ఎవరు కొలుస్తారు? దగ్గర పెట్టి కొడితే రంగు కారుతుంది, దూరం పెట్టి కొడితే బత్తాయి తొక్కలా గరుకు తేలుతుంది. ఒక పల్చటి కోటు వేసి ఐదు పది నిమిషాలు ఆగండి, మళ్ళీ పల్చటి కోటు వేయండి అంటారు తమరు. ఆగడమా? రంగు పడుతుంటే చూస్తూ ఆగడం మానవమాత్రుడి వల్ల అవుతుందా? పైగా ఆరిందో లేదో చూడటానికి మనవాళ్ళ దగ్గర ఒకటే పరికరం ఉంది, చూపుడువేలు. మధ్యాహ్నానికల్లా ట్యాంకు మీద ఇంటిల్లిపాదీ వేలిముద్రలు ఉంటాయి. (మా కుర్రాడు వేలు పెట్టినా ముద్ర పడదు. వాడికి ఆ లాభం ఒకటుంది.)

ఎనామెల్ డబ్బాల మీద ఇంకో మాట ఉంటుంది: రెండో కోటు గంటలోపు వేయండి, లేదా పూర్తిగా ఎండాక వేయండి, మధ్యలో వద్దు అని. ఆ మధ్యలోనే మనవాళ్ళు భోంచేసి వస్తారు. వచ్చి కొడితే కింది పొర ఉబ్బి, ట్యాంకు నిండా ముడతలు.

నాకు అన్నిటికన్నా ఎక్కువ పని తెచ్చిపెట్టేది పెట్రోలు బంకు. మామూలు స్ప్రే రంగు, దాని మీద మెరుపు కోసం కొట్టే మామూలు క్లియర్ గాలికి ఆరేవే తప్ప లోపల గట్టిపడేవి కావు. పెట్రోలు చుక్క పడితే మళ్ళీ కరుగుతాయి. బంకు కుర్రాడు పైపు బయటికి తీసేటప్పుడు నాలుగు చుక్కలు కార్చడం మానడు, మనవాడు జేబురుమాలు తీసి గభాలున తుడవడం మానడు. రుమాలుకి నీలం, ట్యాంకు మూత చుట్టూ రేకు. పెట్రోలు ఒక్కటే చాలదన్నట్టు ఇప్పుడందులో 20 శాతం దాకా ఇథనాల్ కూడా కలుస్తోంది. దీనికి మందు మీ వంశంలోనే ఉంది: అడుగున మీట నొక్కితే హార్డెనర్, అంటే పూతని గట్టిపరిచే మందు, లోపల కలిసే టూకే క్లియర్ డబ్బా. అది పెట్రోలుకి తట్టుకుంటుంది. కానీ ధర ఎక్కువ, మీట నొక్కాక ఒకటి రెండు రోజుల్లో వాడేయాలి. అందులోని ఐసోసయనేట్ ఊపిరితిత్తులకి చెరుపు, గుడ్డ మాస్కుకి ఆగదు, కార్ట్రిడ్జ్ ఉన్న మాస్కు పెట్టుకోవాలి. ఆ మాస్కు ఎంత అని అడిగి చాలామంది మామూలు డబ్బాతోనే సరిపెట్టుకుంటారు, ముక్కుకి తువ్వాలు కట్టుకుని. తువ్వాలు కూడా ఆవిరిని ఆపదు. తువ్వాలుతో వచ్చిన ధైర్యాన్ని ఆపలేం.

ఇక యమహా ఆర్‌ఎక్స్ 100 భక్తుల గురించి చెప్పకపోతే కళ్ళు పోతాయి. 1985లో వచ్చి 1996లో ఆగిపోయిన బండి. అది ఆగిపోయాక పుట్టిన కుర్రాళ్ళు ఇప్పుడు తాతగారి పాకల్లోంచి దాన్ని బయటికి లాగుతున్నారు. అందరికీ ఆ పాత పీకాక్ బ్లూనే, అదే నెమలి నీలమే, కావాలి. మెటాలిక్ రంగులో సన్నటి అల్యూమినియం రేకుల పొడి ఉంటుంది. అది అంతటా ఒకే తీరుగా పరుచుకుంటేనే ఒకే మెరుపు. తమరేమో కొట్టేకొద్దీ లోపల గ్యాసు ఆవిరై ఒళ్ళు చల్లబడి, ప్రెషర్ పడిపోయి, చివరికొచ్చేసరికి లావుపాటి చుక్కలు ఉమ్ముతారు. అందుకని ట్యాంకు కుడివైపు ఒక నెమలి, ఎడమవైపు ఇంకో నెమలి. మరికొందరు ఏకంగా రంగే మార్చేస్తారు. ఆర్సీలో నలుపు, రోడ్డు మీద ఎరుపు. ఆర్టీవో ఆఫీసుకి వెళ్ళి ఆర్సీలో రంగు మార్పించుకోవాలని డబ్బా మీద రాయడానికి చోటు చాలలేదేమో, ఆ విషయం బెంజి సర్కిల్ దగ్గర పోలీసాయన చెబుతాడు.

తమరు బొత్తిగా పనికిరారని నేను అనను. సెంటర్ స్టాండు, ఫుట్‌రెస్టు, బ్రాకెట్లు, చైను కవరు, వీటికి మీరు చాలు, నా దగ్గరికి తేవద్దని నేనే చెబుతాను. రుద్ది కొట్టినవాడి పని చూసి ముచ్చటపడ్డ రోజులూ ఉన్నాయి. సైలెన్సరుకి వేసే హీట్ పెయింటు కూడా మంచిదే. కాకపోతే ఇంజిన్ కాసేపు నడిపి, ఆపి, చల్లారాక మళ్ళీ నడిపి, మెల్లమెల్లగా కాగనిస్తేనే అది గట్టిపడుతుంది. డబ్బా మీది ఆ నాలుగు వాక్యాలు చదివినవాడి సైలెన్సరు బాగుంటుంది. చదవనివాడు కొట్టిన గంటకే ఏలూరు వెళ్ళొస్తాడు.

ఇంకో నిజం కూడా చెప్పాలి, మా వాళ్ళకి కోపం వచ్చినా సరే. జనం తమరి దగ్గరికి ఊరికే రాలేదు. మేమే తరిమాం. మా షెడ్లలో "ఎల్లుండి ఇచ్చేస్తా" అంటే ఆ ఎల్లుండి ఏ పంచాంగంలోనూ ఉండదు. దసరాకి ఆయుధపూజ నాటికి బండి కావాలని శ్రావణంలో ఇచ్చినవాడు, నిమ్మకాయలు కొనుక్కుని ఆటోలో తిరిగిన సందర్భాలున్నాయి. చిన్న గీత పడితే పానెల్ మొత్తం కొట్టాలంటాం, పానెల్ అంటే బండి మొత్తం అంటాం. అలాంటి చోట నాలుగు వందల మిల్లీలీటర్ల ధైర్యం దొరికితే ఎవరు కొనుక్కోరు?

ఒక మనవి. మీలో ఉన్నది వంటగ్యాసు జాతి గ్యాసే. ఖాళీ అయ్యారనుకున్నాక కూడా కొంచెం మిగిలే ఉంటుంది. భోగినాడు పాత సామాను మంటలో వేస్తూ, పనిలో పనిగా మిమ్మల్నీ విసిరేసే పిల్లలున్నారు. పేలి రేకు ఎగిరితే కళ్ళు పోతాయి. మీ ఒంటి మీద మంట బొమ్మ ఉంది, నిజమే, కానీ దాన్ని ఇంకొంచెం పెద్దది చేయండి. బైకు బొమ్మ తగ్గించైనా సరే.

చివరిగా లెక్కల విషయం. తమరు వేసిన పూతని థిన్నరు పెట్టి ఊడదీయడానికి నేను విడిగా తీసుకుంటున్నాను. అది బిల్లులో ఏ పేరుతో రాయాలన్నదే టెన్షన్. ఉన్నదున్నట్టు రాస్తే కస్టమరు ఒప్పుకోవడం లేదు, బిల్లు ఇంటికి తీసుకెళ్ళాలి కదా. ప్రస్తుతానికి "పాత పెయింటు తీసినందుకు" అని రాస్తున్నాను. నిన్నటి ఆదివారం పెయింటు పాతది ఎలా అవుతుందని ఒక ఇల్లాలు షెడ్డుకే వచ్చి అడిగింది. ఆవిడకి చెప్పడానికి వేరే మాట ఏదైనా ఉంటే రాయగలరు.

ఇట్లు,
తమరి పేరు బిల్లులో ఎక్కడా బయటపెట్టని
ఆటోనగర్ పెయింటరు