ఊహ రాశాకే బటన్ నొక్కాలి

ప్రకృతి వరణం, అంటే పరిసరాలకు నప్పే లక్షణాలున్న జీవులే ఎక్కువగా మిగిలి సంతతిని పెంచుకోవడం. ఆ పాఠాన్ని నల్లబల్ల మీద చెప్పడం కష్టం. తరాలు గడవాలి, ఏవి మిగిలాయో ఏవి పోయాయో లెక్కపెట్టాలి. ఒక పీరియడ్‌లో తేలే వ్యవహారం కాదది. నోబెల్ గ్రహీత కార్ల్ వీమన్ 2002లో కొలరాడో విశ్వవిద్యాలయంలో నెలకొల్పిన 'ఫెట్' సంస్థ ఉచితంగా అందిస్తున్న, కంప్యూటర్ తెర మీద నడిచే కుందేళ్ల నమూనా ఈ లోటును చాలావరకు తీరుస్తుంది. పదో తరగతి ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకంలో 2023 నుంచి జీవపరిణామం భాగమే లేదు కాబట్టి, దాని అవసరం మరింత పెరిగింది. ఇంటర్నెట్ సరిగా లేని బడిలోనూ దీన్ని వాడుకోవచ్చు. నమూనా మొత్తం ఒకే ఫైలుగా దిగుతుంది. పెన్‌డ్రైవ్‌లో తెచ్చి బ్రౌజర్‌లో తెరిస్తే చాలు.

అయితే ఐఎఫ్‌పీ (తరగతి గోడకుండే పెద్ద టచ్ తెర) మీద టీచర్ నొక్కుతూ పోతే, పిల్లలు చూస్తూ కూర్చుంటే అది కార్టూన్‌ సినిమాతో సమానం. మొదట ఒక తెల్ల కుందేలుకు జోడీని చేర్చి, మరేమీ మార్చకుండా వదిలేయాలి. సంఖ్య వెయ్యి చేరేసరికి కుందేళ్లు ప్రపంచాన్ని ఆక్రమించాయంటూ ఆట ఆగిపోతుంది. నిజమైన అడవిలో ఇలా ఎందుకు జరగదో అప్పుడు అడగాలి. తర్వాత మళ్లీ మొదలుపెట్టి గోధుమరంగు బొచ్చు ఉత్పరివర్తనాన్ని (జన్యువులో వచ్చే మార్పును) చేర్చి, రెండు మూడు తరాలు నడవనివ్వాలి. తోడేళ్లను వదిలే ముందు ప్రతి విద్యార్థీ నోటుబుక్కులో రెండు వాక్యాలు రాయాలి: ఏ రంగువి మిగులుతాయి, ఎందుకు? మంచు ప్రాంతంలోనూ ఇదే చేయించాలి.

ఎక్కువ తరగతుల్లో పాఠం చెడేది ఇక్కడే. ఉత్పరివర్తనాన్నీ తోడేళ్లనూ ఒకేసారి వదిలితే, 'తప్పించుకోవడానికి కుందేలు రంగు మార్చుకుంది' అని పిల్లలు రాస్తారు. ఈ పొరపాటుకు విరుగుడు కూడా నమూనాలోనే ఉంది. ఉత్పరివర్తనం లేకుండా తోడేళ్లను మాత్రమే వదలాలి. ఎన్ని తరాలు గడిచినా ఒక్క గోధుమరంగు పిల్లా పుట్టదు. అవసరం పడిందని రంగు రాదని వాళ్ల కళ్లకే తెలుస్తుంది.

అంతర్గత లక్షణాన్ని, అంటే తల్లీ తండ్రీ ఇద్దరి నుంచీ అందితేనే బయటపడేదాన్ని ఎంచుకున్నప్పుడు మరో తికమక ఉంది. తెర మీద ఏమీ కనిపించక 'పనిచేయడం లేదు సార్' అంటారు. కారణం లెక్కలో ఉంది. ఆ యుగ్మ వికల్పం (జన్యువుకు ఉండే రూపాల్లో ఒకటి) పదింటిలో ఒకటిగా ఉంటే, యాదృచ్ఛికంగా జతకట్టే జనాభాలో లక్షణం బయటపడేది నూటికి ఒక్కదానిలోనే. మరో పద్దెనిమిది దాన్ని లోపల దాచుకుని తిరుగుతుంటాయి.

నమూనా ఎక్కడ నిజానికి దూరమో చెప్పడం టీచర్ బాధ్యత అని మా గట్టి నమ్మకం. ఈ కుందేళ్లలో ఆడామగా తేడా లేదు. ప్రతి జంటకూ నాలుగేసి పిల్లలు, అవి కూడా పునెట్ చదరంలోని (తల్లిదండ్రుల జన్యువులు ఎలా కలుస్తాయో చూపే పట్టికలోని) నాలుగు గళ్ల ప్రకారమే పుడతాయి. ప్రతి కుటుంబంలోనూ 3:1 (మూడింటిలో పైకి కనిపించే లక్షణం, ఒకదానిలో అంతర్గతం) కచ్చితంగా వస్తుందన్న భ్రమ దీనివల్లే కలుగుతుంది. నిజానికి సంకర (రెండు జన్యు రూపాలూ ఉన్న) తల్లిదండ్రులకు పుట్టే నలుగురిలో సరిగ్గా 3:1 వచ్చే అవకాశం 42 శాతమే. బఠానీ మొక్కలతో వారసత్వ సూత్రాలు కనుగొన్న మెండెల్‌కైనా 5,474 గుండ్రటి బఠానీలకు 1,850 ముడతలవి వచ్చాయి. అంటే 2.96:1. ఆ నిష్పత్తి వేల గింజల మీద తేలింది, ఒక్క కాయలో కాదు. ఈ భ్రమను సరిచేయడానికి రెండు రూపాయి బిళ్లలు చాలు. రెండూ బొరుసు పడితే అంతర్గతం. ముప్పై మంది నాలుగేసి సార్లు ఎగరేసి ఫలితాలు నల్లబల్ల మీద రాస్తే, 120లో దాదాపు 30 వస్తాయి. విడివిడిగా చూస్తే మాత్రం ఒకరికి సున్నా, ఇంకొకరికి మూడు.

అయితే అన్నిటికీ తెర అక్కర్లేదు. ద్రవాభిసరణాన్ని (పలుచటి పొర గుండా నీరు చిక్కటి ద్రావణం వైపు కదలడాన్ని) కూడా తెర మీదే చూపించే ధోరణి మాకు బాధ కలిగిస్తోంది. ఎండుద్రాక్షలు ప్రతి బడికీ అందుబాటులో ఉంటాయి. ఇరవై పండ్లు తూచి, మంచినీళ్లలో రెండు మూడు గంటలు నానబెట్టి, గుడ్డతో తడి అద్ది మళ్లీ తూచాలి. అద్దకపోతే పైన అంటిన నీరూ బరువులో కలుస్తుంది. తొక్క చిట్లినవాటిని ముందే ఏరేయాలి. ఆ తర్వాత ఉబ్బిన పండ్లను చిక్కటి పంచదార పాకంలో వేస్తే నీరు ఎటు కదిలిందో పిల్లలు వేళ్లతో తడిమి చెబుతారు.