ఇన్నేళ్లు నిలబడింది కదా అని పాత రాతి ఇల్లు కొనేయకండి

ఈ వారంలో ఇద్దరు స్నేహితురాళ్లు నన్ను ఒకే ప్రశ్న అడిగారు. పల్లెలో పాత రాతి ఇల్లు చూశాం, బాగా నచ్చింది, కొనేముందు ఎవరికైనా చూపించాలా, లేక ఆ డబ్బు రిపేర్లకు ఉంచుకోవడం మేలా అని. ఇద్దరికీ చెరో గంట చెప్పాను. అయినా మనసు ఊరుకోక ఇక్కడ కూడా రాస్తున్నాను. పొడుగైన పోస్టే. అలాంటి ఇల్లు కొనే ఆలోచన ఉన్నవాళ్లు మాత్రం ఓపిగ్గా చదవండి.

సర్వే అనగానే చాలామందికి హద్దులు కొలవడమే గుర్తొస్తుంది. అదీ కావాలి, కానీ అది వేరే పని. నేను చెప్పేది ఇంటికి చేయించే సర్వే. గోడలు, పైకప్పు, దూలాలు, పునాది, చెమ్మ, వాన నీళ్లు పోయే దారి, వైరింగ్, ఇవన్నీ పాత కట్టడాలు తెలిసిన మనిషికి, మన ఖర్చుతో, అడ్వాన్స్ ఇవ్వకముందే చూపించుకోవడం.

నాకు కోపం తెప్పించే మాట ఒకటుంది. "150 ఏళ్లుగా నిలబడిన ఇల్లండీ, దీనికి పరీక్షలేంటి?" అమ్మేవాళ్లు అంటారు, మధ్యవర్తి అంటాడు, మన ఇంట్లో పెద్దవాళ్లూ అంటారు. ఆరేళ్ల క్రితం మేమూ అదే మాట విన్నాం. విని ఊరుకోలేదు, నేనూ మా ఆయనా రాత్రిళ్లు కూర్చుని అదే మాట ఒకరికొకరం చెప్పుకుని ధైర్యం తెచ్చుకున్నాం. రాయి కదా, రాయికేమవుతుంది అని.

అన్నేళ్లు నిలబడిన ఇల్లు ఒకటి, మన చేతికి వచ్చే ఇల్లు ఇంకొకటి. ఈ మాట నాకు చాలా ఆలస్యంగా అర్థమైంది. గత ముప్ఫై నలభై ఏళ్లలో ఎవరో ఒకరు దాన్ని మార్చి ఉంటారు. రాళ్ల సందుల్లో సిమెంటు కూరి ఉంటారు. లోపలి గోడలకు ప్లాస్టిక్ పెయింట్ వేసి ఉంటారు. మట్టి నేల మీద కాంక్రీటు పోసి, బయట దారి ఎత్తు పెంచి, గది విశాలంగా కావాలని మధ్య గోడ తీసేసి ఉంటారు. అంతా మంచికే చేశామనుకుంటారు. కానీ ఆ ఇల్లు అన్నేళ్లు నిలబడింది ఇవేవీ లేనప్పుడు. ఇవన్నీ వచ్చాక ఎన్నేళ్లు నిలబడుతుందో దాని వయసు చూసి ఎవరూ చెప్పలేరు.

పాత రాతి గోడ చూడటానికి ఒకటే గానీ, చాలా ఇళ్లలో లోపల అది రెండు గోడలు. బయట ఒక వరస రాళ్లు, లోపల ఒక వరస, మధ్యలో చిన్న రాళ్లు, మట్టి, సున్నం. మందం 50, 60 సెంటీమీటర్లు ఉంటుంది, ఒక్కోచోట ఇంకా ఎక్కువే. ఈ రెండు వరసల్నీ కలిపి పట్టుకునేవి అక్కడక్కడ అడ్డంగా పెట్టిన పొడవాటి రాళ్లు. అవి సరిపడా లేకపోయినా, మధ్యలో ఉన్న మట్టిని ఏళ్ల తరబడి వాన నీళ్లు కడిగేసినా, రెండు వరసలూ మెల్లగా విడిపోతాయి. గోడ ఉబ్బుతుంది. ఆ ఉబ్బు ఎదురుగా నిలబడితే కనబడదు. గోడ మూల దగ్గర నిలబడి, చెంప గోడకు ఆనించినట్టు పెట్టి పొడవునా చూడాలి. లేదంటే పైనుంచి దారం కట్టిన గుండు వేలాడదీయాలి. కొనేముందు మేము ఆ ఇంటికి నాలుగుసార్లు వెళ్లాం. నాలుగుసార్లూ ఎదురుగానే నిలబడి ఫొటోలు తీసుకున్నాం.

ఇక సున్నం సంగతి. దీని మీదే నాకు ఎక్కువ చెప్పాలని ఉంది, ఎందుకంటే మమ్మల్ని ముంచింది ఇదే. పోర్ట్‌లాండ్ సిమెంటుకు ఇంగ్లండ్‌లో జోసెఫ్ ఆస్ప్డిన్ పేటెంట్ తీసుకున్నది 1824లో. అది మామూలు ఇళ్లదాకా రావడానికి ఇంకా చాలా కాలం పట్టింది. అందుకని నిజంగా పాత రాతి ఇల్లు అంటే దాదాపుగా సున్నంతోనో మట్టితోనో కట్టినదే. సున్నం గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను తీసుకుంటూ నెమ్మదిగా గట్టిపడుతుంది. గట్టిపడ్డాక కూడా రాయి కంటే మెత్తగానే ఉంటుంది. గోడ కొంచెం కదిలితే తనూ సర్దుకుంటుంది. గోడలోకి చేరిన తడిని సందుల గుండా బయటికి వదిలేస్తుంది. అంటే పాత గోడ తడుస్తుంది, ఆరుతుంది, మళ్లీ తడుస్తుంది, ఆరుతుంది. దాని ఆరోగ్యం అంతా ఆ ఆరడంలోనే ఉంది.

ఆ సందుల్లో సిమెంటు పెడితే ఏమవుతుంది? అది బిగుసుకుపోతుంది. గోడ కాస్త కదలగానే వెంట్రుకంత సన్నగా చిట్లుతుంది. ఆ చిట్లిన చోటు నుంచి వాన నీరు లోపలికి పోతుంది గానీ ఆరి బయటికి రావడానికి దారి ఉండదు. చివరికి ఆ తడి రాయిలోంచే బయటికి రావాలి. దానితో పాటు వచ్చిన ఉప్పు రాయి పైపొరలో పేరుకుని, పెచ్చులు పెచ్చులుగా ఊడదీస్తుంది. మంచు పడే ప్రాంతమైతే లోపల చిక్కుకున్న నీరు గడ్డకట్టినప్పుడు దాదాపు 9 శాతం ఉబ్బుతుంది కాబట్టి దెబ్బ ఇంకా ఎక్కువ. రాళ్లు గుంటలు పడిపోయి, వాటి మధ్య సిమెంటు గీతలు మాత్రం పొడుచుకొచ్చి కనిపించే గోడలు ఎప్పుడైనా చూశారా? అవి ఇలా తయారైనవే.

మేము కొన్న ఇంటి గోడలకు అప్పుడే కొత్తగా సిమెంటు పాయింటింగ్, అంటే రాళ్ల సందులు సిమెంటుతో నింపే పని, చేయించి ఉంది. అది చూసి మురిసిపోయాం. ఇల్లు ఎంత బాగా చూసుకున్నారో అనుకున్నాం. వెనక వైపు బయటి నేల లోపలి గచ్చు కంటే ఒకటిన్నర అడుగు ఎత్తులో ఉంది. దాన్ని చూశాం కూడా, ఏమీ అనిపించలేదు. లోపల తాజా రంగు. కిటికీలన్నీ తెరిచి పెట్టారు, గాలి హాయిగా వస్తోంది. అన్ని కిటికీలూ తెరిచి ఉంచితే వాసన తెలియదని అప్పుడు తోచలేదు.

మొదటి వానలకే వెనక గదిలో పెయింట్ బుడగలు లేచింది. గోడ అడుగున తెల్లగా ఉప్పు తేలింది. తర్వాతి ఏడాది పై గది నేల ఒక మూల కాస్త కుంగినట్టు అనిపిస్తే, కింద నుంచి సీలింగ్ చెక్కలు తీసి చూశాం. పాత ఇళ్లలో దూలాల చివర్లు గోడలోకి దూరి కూర్చుంటాయి. గోడ ఆరకపోతే ఆ చివర్లూ ఆరవు. కర్రలో తేమ 20 శాతం దాటి అలాగే నిలిచిపోతే ఫంగస్ పట్టి కుళ్లడం మొదలవుతుంది. మధ్యలో దూలం ఇనుములా ఉంది. గోడ దగ్గర స్క్రూడ్రైవర్ గుచ్చితే పిడిదాకా దిగిపోయింది. మా ఆయన దాన్ని బయటికి లాగి, ఒక్క మాట కూడా మాట్లాడకుండా నిచ్చెన దిగి, వెళ్లి గుమ్మంలో కూర్చున్నారు. ఏడు దూలాల్లో నాలుగు అలాగే ఉన్నాయి.

అప్పుడు పిలిచాం పాత కట్టడాల పని తెలిసిన ఇంజనీరుని. ఆయన వచ్చీ రాగానే లోపలికి రాలేదు. ఇంటి చుట్టూ రెండుసార్లు తిరిగారు. చూరు నీటి గొట్టం ఎక్కడ కారుతోందో చూశారు, వెనక మట్టి ఎత్తు చూశారు, పాయింటింగ్‌ను గోటితో గీకారు. గుమ్మంలో చెప్పులు విప్పుతూ అడిగారు: "వెనక గదిలో దూలాల చివర్లు చూశారా అమ్మా?" మేము ఇంకా ఆయనకు దూలాల సంగతే చెప్పలేదు. ఆ ఒక్క ప్రశ్న రెండేళ్ల ముందు విని ఉంటే ఏమై ఉండేదో ఇప్పటికీ ఆలోచిస్తుంటాను. బహుశా ఇల్లు కొనేవాళ్లమే. కానీ రిపేరుకు అయ్యే ఖర్చు ధరలో తగ్గించి కొనేవాళ్లం, పెయింట్‌కీ కొత్త వంటగదికీ పెట్టిన డబ్బు ముందు ఆ మట్టి తీయించడానికీ దూలాలకీ పెట్టేవాళ్లం.

అమ్మినాయన మోసం చేశారని నేను అనను. ఆయన సిమెంటు వేయించింది ఇల్లు బాగుండాలనే. ఆయనకు తెలియనిది ఆయన మనకెలా చెబుతారు? అందుకే మనవైపు నుంచి చూసే మనిషి కావాలంటున్నాను. అమ్మేవాళ్లు తెచ్చిన మనిషి వద్దు, మధ్యవర్తి "మనవాడే, మంచివాడు" అని చూపించే మనిషీ వద్దు. మీరు సొంతంగా వెతికి, మీ డబ్బుతో పిలిచిన మనిషి. అమ్మేవాళ్లు తనిఖీకి ఎంతకీ ఒప్పుకోకపోతే ఆ ఇంటి గురించి ఇక ఆలోచించకండి.

ఎవరిని పిలుస్తామన్నదీ ముఖ్యమే. కాంక్రీటు భవనాలు కట్టడంలో గొప్ప అనుభవం ఉన్నవాళ్లు కూడా సున్నపు గోడ దగ్గరికి వచ్చేసరికి తప్పు చెప్పగలరు. తేమ మీటర్ సంగతే చూడండి. మామూలుగా వాడే మీటర్ కర్రలో తేమ కొలవడానికి చేసినది, విద్యుత్తు ఎంత తేలిగ్గా పారుతుందో చూసి అంకె చెబుతుంది. రాతి గోడలో ఉప్పు ఉంటే, తడి పెద్దగా లేకపోయినా అంకె పెరిగిపోతుంది. ఆ అంకె చూపించి గోడకు రంధ్రాలు పెట్టి కెమికల్ ఎక్కించాలని, వాటర్‌ప్రూఫ్ పూత పూయాలని చెప్పేవాళ్లున్నారు. మాకూ ఒకరు అలా చెప్పారు, ఆ పని చేసి పెట్టేదీ ఆయనే. అసలు అవసరమైనది బయటి మట్టి తీసి, గొట్టం బాగుచేసి, సిమెంటు గీకి సున్నం పెట్టి, గోడను ఆరనివ్వడం. పిలిచే ముందు ఒక్క ప్రశ్న అడగండి: "ఈ గోడ సందులు నింపాలంటే మీరు దేనితో నింపమంటారు?" సిమెంటు అని ఠక్కున చెబితే ఇంకొకరిని వెతకండి.

చేతిలో ఏదో ఒక రిపోర్టు ఉంది కదా అని కూడా ధీమా పడొద్దు. ఫ్రాన్స్‌లో పాత ఇల్లు అమ్మేవాళ్లు సీసం, ఆస్బెస్టాస్, కరెంటు వైరింగ్ లాంటి వాటి మీద, కొన్ని ప్రాంతాల్లో చెదల మీద కూడా రిపోర్టులు ఇవ్వాలి. పెద్ద కట్టే చేతికొస్తుంది. కానీ గోడ ఉబ్బిందా, కప్పు బరువు సరిగ్గా దిగుతోందా అన్నది వాటిలో ఉండదు. బ్రిటన్‌లో చార్టర్డ్ సర్వేయర్ల సంస్థ ఇంటి సర్వేలను మూడు స్థాయిలుగా పెట్టింది, పాత ఇళ్లకూ మార్పులు చేసిన ఇళ్లకూ మూడోదే, అంటే అన్నిటికంటే వివరంగా చూసేదే, సరిపోతుంది. బ్యాంకు చేయించే వాల్యుయేషన్ వేరు. అది వాళ్ల అప్పుకు ఆ ఆస్తి సరిపోతుందా అని చూసుకోవడం, మీ కోసం చేసింది కాదు.

రిపోర్టు వచ్చాక మొదటి పేజీ మాత్రమే చదివి పక్కన పెట్టకండి. "అటకలోకి వెళ్లడం కుదరలేదు", "నేల చెక్కల కింద చూడలేదు", "గోడకు ఆనించి బీరువా ఉంది" అనే వాక్యాలు ఎక్కడో మధ్యలో ఉంటాయి. నా దృష్టిలో ఆ రిపోర్టులో అన్నిటికంటే విలువైనవి అవే. చూడలేకపోయిన ప్రతి చోటుకూ రెండోసారి అనుమతి అడగండి. ఒక్క చెక్క లేపడానికి, బీరువా జరపడానికి, నిచ్చెన వేయడానికి. వీలైతే తనిఖీ రోజు మీరూ వెంట ఉండండి. కాగితం మీద "పగుళ్లు గమనించాం" అని రాస్తారు. పక్కన నిలబడితే, ఇది పాతది, అంచులు దుమ్ము పట్టి ఉన్నాయి, భయం లేదు, అది కొత్తది, అంచులు పదునుగా ఉన్నాయి, దాని సంగతి చూడాలి అని నోటితో చెబుతారు.

మా తమ్ముడు రెండేళ్ల క్రితం ఇలాంటి ఇల్లే చూశాడు. ఈసారి నేను వదల్లేదు. తనిఖీలో తేలిందేమిటంటే, అటకను పడకగదిగా మార్చినప్పుడు తలకు తగులుతోందని అడ్డ దూలం ఒకటి కోసేశారు. ఏటవాలు కప్పు బరువు గోడలను రెండు వైపులా బయటికి తోస్తుంది. ఆ తోపుడును ఆపేదే ఆ అడ్డ దూలం. గోడ పైభాగం అప్పటికే బయటికి వాలుతోంది. తమ్ముడు ఆ ఇల్లు వదిలేశాడు. ఫీజు డబ్బు దండగైందని మరదలు చాలా బాధపడింది. నేనైతే ఆ ఇంట్లో పిల్లలు పడుకోవాల్సిన గది అదేనని మాత్రం చెప్పాను. తర్వాత కొన్న ఇంట్లోనూ లోపాలున్నాయి, రిపోర్టులో చాలానే రాశారు. కానీ ఏది ఈ ఏడాది చేయాలో, ఏది అయిదేళ్లు ఆగొచ్చో తెలిసి కొన్నాడు. టెన్షన్ లేకుండా ఉంటున్నాడు.

మా ఇంటిని మేము వదిలేయలేదు. ఇప్పటికి మూడు వైపులా సిమెంటు గీకించాం, సున్నం పెట్టించాం. వెనక గది ఆరడానికి రెండు ఎండాకాలాలు పట్టింది. ఆ ఇల్లంటే మాకు ప్రాణం, అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను. రాతి ఇల్లు కొనొద్దని ఎవరికీ చెప్పను.

ఫోన్ చేసిన ఇద్దరిలో ఒకావిడ వచ్చే శనివారం మళ్లీ ఆ ఇల్లు చూడటానికి వెళ్తోంది. ఆ రోజు వాన ఉందట, ఇంకో రోజు పెట్టుకుందామా అని అడిగింది. వానలోనే వెళ్దాం, గొడుగులు తీసుకురా, ముందు ఇంటి వెనక్కి వెళ్దాం అన్నాను. నేనూ వస్తున్నాను, టార్చిలైటూ స్క్రూడ్రైవరూ పట్టుకుని.