‘గ్యాస్ అనుకున్నాం’ అనే మాట ఇంకెన్నాళ్లు?

2021లో పునీత్ రాజ్‌కుమార్, 2022లో మేకపాటి గౌతమ్‌రెడ్డి, 2023లో తారకరత్న. గుండె దెబ్బకి మనిషి పోయాడన్న ఇలాంటి వార్త వచ్చిన ప్రతిసారీ జిమ్ వల్లా, వ్యాక్సిన్ వల్లా, బిర్యానీ వల్లా అని వారం రోజులు కొట్టుకుని ఎనిమిదో రోజు మర్చిపోతాం. ఆ గొడవలోకి నేను పోను. నా గొడవంతా ఒక్క మాట మీద. గ్యాస్.

రాత్రి రెండింటికి ఆయన లేచి కూర్చుంటాడు. ఛాతీ మీద బండ పెట్టినట్టుంది, బనియన్ చెమటకి తడిసిపోయింది. ‘‘ఏమండీ, ఆస్పత్రికి వెళ్దామా?’’ అంటుంది ఆవిడ. ‘‘ఏం లేదులేవే, సాయంత్రం బజ్జీలు తిన్నా కదా, గ్యాస్.’’ కాస్త వాము నములుతాడు, సోడా తాగుతాడు, ఒక తేన్పు వస్తుంది, హమ్మయ్య అనుకుని తెల్లారాక చూద్దామని పడుకుంటారు. ఈ కథ తెలియని ఇల్లుందా మనకి?

తేన్పు వచ్చింది కాబట్టి గుండె కాదు అనుకోవడమంత ప్రమాదం ఇంకోటి లేదు. గుండె కింది గోడకి రక్తం ఆగితే నొప్పి పొట్ట పైభాగంలో రావచ్చు, వాంతి కూడా అవ్వొచ్చు, అచ్చం అజీర్తే. షుగర్ ఉన్నవాళ్లకి నరాలు మొద్దుబారి అసలు నొప్పే తెలియకపోవచ్చు, ఉత్త ఆయాసం, నీరసం, చెమట అంతే. ఆడవాళ్లలో చాలామందికి దవడో వీపో లాగుతుంది. సినిమాల్లోలా ఎడమ ఛాతీ పట్టుకుని కుప్పకూలితేనే గుండెపోటు అనుకుంటూ కూర్చుంటే, వంటింట్లో గోడకి ఆనుకుని ‘కాస్త నీరసంగా ఉంది’ అన్న అమ్మకి మనం టీ పెట్టిస్తాం.

ప్రతి మంటకీ ఆస్పత్రికి పరిగెడితే స్టెంట్ వేసిగానీ పంపరు కదా అనేవాళ్లున్నారు. ఆ భయం ఉత్తదేం కాదు, స్టెంట్ల ధరకి 2017లో కేంద్రమే కళ్లెం వేయాల్సి వచ్చింది మరి. కానీ ఈసీజీ వేరు, స్టెంట్ వేరు. ఈసీజీకి అయ్యేది కొన్ని వందలు. మొదటిది బాగుందన్నా నొప్పి తగ్గకపోతే మళ్లీ తీయమనండి, గుండె కండరం దెబ్బతిన్నదీ లేనిదీ చెప్పే ట్రోపోనిన్ రక్తపరీక్ష సంగతి అడగండి. చివరికి గ్యాసే అని తేలిందా, నవ్వుకుంటూ ఇంటికి రండి.

సరే, అనుమానం వచ్చింది, ఏం చేయాలి? మనిషిని ఎక్కడున్నాడో అక్కడే కూర్చోబెట్టాలి. మూడంతస్తులు మెట్లు దించడం, ‘నేనే నడుపుతాలే’ అంటే కారు తాళాలిచ్చేయడం వద్దు. 108కి ఫోన్ చేయండి, అది పుట్టిందే మన హైదరాబాద్‌లో, 2005లో. రావడం ఆలస్యమైతే ఇంకొకరు బండి నడపాలి. ఆస్పిరిన్ పడనివాళ్లు, రక్తస్రావం సమస్య ఉన్నవాళ్లు కాకపోతే 300 మిల్లీగ్రాములు, అంటే 75వి నాలుగు, నమిలి మింగించాలి. నాలుక కింద పెట్టుకునే సార్బిట్రేట్ మాత్రం డాక్టర్ ముందే రాసిచ్చినవాళ్లకే, బీపీ పడిపోయి ఉన్నవాళ్లకి అదే ప్రాణం మీదికి తెస్తుంది. గట్టిగా దగ్గుతూ ఉంటే బతికేస్తారని వాట్సాప్‌లో తిరిగే మెసేజ్ డిలీట్ చేసేయండి.

పడిపోయి, పిలిస్తే పలక్కుండా, ఊపిరి సరిగా లేకపోతే అది గుండె ఆగడం. గుండెపోటుకీ దీనికీ తేడా ఉంది, అది గుండెకి రక్తం అందకపోవడం, ఇది గుండె కొట్టుకోవడమే ఆగిపోవడం. ముఖాన నీళ్లు కొట్టడం, చేతిలో తాళంచెవుల గుత్తి పెట్టడం ఇక్కడ పనికిరావు. గురకలాంటి శబ్దం వస్తుంటే ‘ఊపిరాడుతోందిలే’ అనుకుని ఆగిపోతారు చాలామంది, అది ఊపిరి కాదు. ఛాతీ నడుమ రెండు చేతులూ పెట్టి, కనీసం 5 సెంటీమీటర్లు దిగేలా, నిమిషానికి 100 నుంచి 120 సార్లు నొక్కుతూనే ఉండాలి, సీపీఆర్ అంటే ఇదే. ఏమీ చేయకుండా గడిపే ఒక్కో నిమిషానికీ బతికే అవకాశం 7 నుంచి 10 శాతం తగ్గిపోతుంది. 2023లో ఆరాంఘర్ దగ్గర కుప్పకూలిన మనిషిని బతికించింది డాక్టర్ కాదు, నొక్కడం తెలిసిన ఒక ట్రాఫిక్ కానిస్టేబుల్.

మరి మనకెందుకు తెలియదు? అసలు కోపం ఇక్కడే నాకు. పదో తరగతిలో గుండె బొమ్మ గీయనివాళ్లెవరు మనలో? కర్ణికలు, జఠరికలు, బృహద్ధమని, బాణం గుర్తులు పెట్టి మరీ భాగాలు రాశాం, మార్కులు కొట్టేశాం. అదే గుండె ఇంట్లో ఆగిపోతే చేతులు ఎక్కడ పెట్టాలో ఏ మాస్టారూ చెప్పలేదు, ఎందుకంటే పరీక్షలో రాదు. మన చదువంతా ఇంతే, బొమ్మ వస్తుంది, పని రాదు. డెన్మార్క్‌లో 2005 నుంచి బడి పిల్లలకి, 2006 నుంచి డ్రైవింగ్ లైసెన్సు తీసుకునేవాళ్లకి సీపీఆర్ నేర్చుకోవడం తప్పనిసరి చేశారు. ఆస్పత్రి బయట గుండె ఆగినవాళ్లకి పక్కనున్నవాళ్లే సీపీఆర్ చేయడం అక్కడ 2001లో 21 శాతం, 2010కి 45 శాతం. మన లైసెన్సుకి బండి మీద ఎనిమిది అంకె వేయిస్తారు, అయిపోయింది. తెలంగాణలో 2023లో సీపీఆర్ శిక్షణ అని మొదలుపెట్టారు, మంచిదే, కానీ సిలబస్‌లోకి రానిది మన దగ్గర ఎన్నాళ్లు నిలబడుతుంది?

ఆ బొమ్మ గీయించే క్లాసులోనే ఒక పీరియడ్ పీఈటీ మాస్టారికి ఇచ్చేయండి. సీపీఆర్ నేర్పేటప్పుడు నొక్కి చూసే మనిషి బొమ్మలు కొనడానికి డబ్బుల్లేవంటారా, ముందు గట్టి దిండు మీద మొదలుపెట్టమనండి.