స్లైడర్ ముట్టుకునే ముందు

మా చుట్టాలబ్బాయి పదో తరగతి. మొన్న వాడికి జియోజీబ్రా అనే లెక్కల సాఫ్ట్‌వేర్‌లో ఒక పరావలయం (గిన్నెలా వంగిన గీత) గీసిచ్చాను: వై = ఎక్స్ స్క్వేర్ + బీ ఎక్స్ + 3. బీ విలువ మార్చడానికి పక్కనే స్లైడర్. వాడి చెయ్యి వెంటనే మౌస్ మీదకి వెళ్లింది. ఆగమన్నాను. బీ పెంచితే గ్రాఫ్ ఎటు పోతుందో ముందు కాగితం మీద గీయమన్నాను.

‘కుడికి జరుగుతుంది బాబాయ్, అంతేగా!’ అన్నాడు ధీమాగా.

కదిపితే ఎడమకి జరిగింది, పైగా కిందికి దిగింది. బీని మైనస్‌లోకి తీసుకెళ్తే కుడివైపుకి వచ్చి అక్కడా కిందికే. శీర్షం దగ్గర, అంటే వంపు అట్టడుగున, చుక్క పెట్టి, దాని జాడ కనిపించేలా చేస్తే తెర మీద బోర్లించిన ఇంకో పరావలయం తేలింది. ఎందుకలా అని వాడే అడిగాడు; శీర్షం నిరూపకాలు −బీ/2, 3 − బీ²/4 అని రాబట్టి, అందులోంచి వై = 3 − ఎక్స్ స్క్వేర్ లాగడానికి అరగంట పట్టింది. తప్పు ఊహించకపోయుంటే ఆ అరగంట కూర్చునేవాడు కాదు.

మార్కస్ హోహెన్‌వార్టర్ 2001లో ఆస్ట్రియాలోని సాల్జ్‌బర్గ్ యూనివర్సిటీలో చదువుకుంటూ మొదలుపెట్టిన సాఫ్ట్‌వేర్ ఈ జియోజీబ్రా. పిల్లలకి ఉచితం, ఫోన్‌లోనూ నడుస్తుంది. ఏపీ ప్రభుత్వ బడుల్లో బడుల్ని బాగుచేసే నాడు-నేడు పథకం కింద పెద్ద టచ్ ప్యానెళ్లు కూడా వచ్చాయి. కాబట్టి సామాను గురించి నాకు పెద్ద దిగుల్లేదు. సారు స్లైడర్ లాగుతుంటే నలభైమంది సినిమా చూసినట్టు చూసి ‘అర్థమైంది సార్’ అనడంతోనే నా పేచీ. అదేమీ చూడకుండా ఊరికే ఫార్ములా బట్టీ పట్టడం కన్నా నయమే, ఒప్పుకుంటాను, కానీ బొమ్మ కదలడం చూసినంత మాత్రాన అది అలాగే ఎందుకు కదిలిందో తెలియదు కదా. అర్ధవృత్తంలో కోణం ఎక్కడికి లాగినా 90 అనే చూపిస్తుంటే, ఇంక నిరూపణ ఎందుకని పిల్లలకి అనిపించడంలో తప్పేముంది?

ఒక్కోసారి ఆ సాఫ్ట్‌వేరే మనకి సాయం చేస్తుంది. త్రిభుజం కోణాలు 47.17, 61.42, 71.42 అని చూపిస్తుంది. వెనక బెంచీలో ఎవరో కూడి, ‘సార్, 180.01 వస్తోంది’ అంటారు. రౌండాఫ్ వల్లేలే, కూర్చో అనేస్తే గొడవ లేదు, సిలబస్ కూడా అయిపోతుంది. నేనైతే ప్యానెల్ ఆపేసి, చాక్‌పీసు తీసుకుని, త్రిభుజం పై శీర్షం మీదుగా, అడుగు భుజానికి సమాంతరంగా ఒక గీత గీస్తాను; మొత్తం 180 ఎందుకో నిరూపించడం అక్కణ్ణుంచే మొదలు.