అన్‌ఇన్‌స్టాల్ చేశాక రిజిస్ట్రీ ఊడ్చక్కర్లేదు

"విండోస్‌లో అన్‌ఇన్‌స్టాల్ నొక్కితే సాఫ్ట్‌వేర్ పూర్తిగా పోదు. ప్రోగ్రామ్ ఫైల్స్‌లో దాని ఫోల్డర్ డిలీట్ చేయండి. రిజిస్ట్రీలో దాని పేరు వెతికి కనిపించిందల్లా తీసేయండి. ఆఖర్న రిజిస్ట్రీ క్లీనర్ నడపండి. సిస్టమ్ స్పీడ్ అందుకుంటుంది." ఈ సలహా వాట్సాప్ గ్రూపుల్లో, వీడియోల్లో తెగ తిరుగుతోంది. రిజిస్ట్రీ అంటే విండోస్, ప్రోగ్రాములు తమ సెట్టింగ్స్ దాచుకునే చోటు. అందులో ఫోల్డర్ల లాంటివాటిని 'కీ'లు అంటారు. మొదటి వాక్యంలో కొంత నిజం ఉంది. మిగతావి పాటిస్తే మంచిగా ఉన్న కంప్యూటర్ పాడయ్యే ప్రమాదం ఉంది.

ఫోల్డర్ డిలీట్ చేయడం: చాలా ప్రోగ్రాముల అన్‌ఇన్‌స్టాలర్ ఆ ఫోల్డర్‌లోనే ఉంటుంది. ముందు దాన్నే పోగొట్టుకుంటే సెట్టింగ్స్‌లోని యాప్స్ జాబితాలో పేరు అలాగే మిగులుతుంది, నొక్కితే ఎర్రర్ వస్తుంది. ఇప్పటికే అలా ఇరుక్కున్నవారు అదే ప్రోగ్రామ్ మళ్లీ ఇన్‌స్టాల్ చేసి, సెట్టింగ్స్ నుంచి తీసేస్తే చాలావరకు సరిపోతుంది.

రిజిస్ట్రీలో పేరు వెతకడం: అన్నిటికన్నా ప్రమాదం ఇదే. జావా తీసేశారనుకోండి. రిజిస్ట్రీ ఎడిటర్‌లో ఆ పేరు కొట్టి వెతికితే జావాస్క్రిప్ట్ అని ఉన్న కీలు కూడా వస్తాయి. అవి విండోస్‌వి, జావాతో వాటికి సంబంధమే లేదు. తెలియక డిలీట్ చేస్తే వెనక్కి తెచ్చే అన్‌డూ ఆ ఎడిటర్‌లో లేదు. ఇంత రిస్క్ తీసుకున్నా ఒరిగేదేమీ లేదు. ఏ ప్రోగ్రామైనా తనకు కావలసిన కీని పేరుతో నేరుగా అడిగి తీసుకుంటుంది తప్ప రిజిస్ట్రీ మొత్తం చదవదు. ఎవరూ అడగని నాలుగు పాత కీలు ఉన్నంత మాత్రాన సిస్టమ్ స్లో అవదు.

రిజిస్ట్రీ క్లీనర్: ఇవి పాత కీలను వాటంతటవే ఏరి తీసేసే టూల్స్. వీటి వాడకాన్ని తాము సమర్థించబోమని మైక్రోసాఫ్టే చెబుతోంది. పేరున్న టూల్ అయితే భయం లేదనుకోవడానికీ లేదు. ఈ క్లీనింగ్ టూల్స్‌లో బాగా పేరున్న సీక్లీనర్‌నే తీసుకోండి. 2017లో దాని 5.33 వెర్షన్‌లో హ్యాకర్లు మాల్వేర్ చొప్పించారు. కంపెనీ సొంత సైట్ నుంచే అది 20 లక్షలకు పైగా కంప్యూటర్లకు చేరింది.

ఇక మొదటి వాక్యంలోని నిజం. అన్‌ఇన్‌స్టాల్ తర్వాత కొన్ని మిగులుతాయి, వాటిలో కొన్ని నిజంగానే ప్రమాదకరం. 2014 చివర్లో లెనోవో కొన్ని ల్యాప్‌టాప్‌లలో సూపర్‌ఫిష్ అనే ప్రకటనల సాఫ్ట్‌వేర్ ముందే పెట్టి అమ్మింది. 2015 ఫిబ్రవరిలో విషయం బయటపడింది. ప్రోగ్రామ్ తీసేసినా అది పెట్టిన రూట్ సర్టిఫికెట్ (ఏ సైటు అసలుదో తేల్చుకోవడానికి బ్రౌజర్ నమ్మే డిజిటల్ గుర్తింపు) సిస్టమ్‌లోనే ఉండిపోయేది. దాంతో నకిలీ బ్యాంకు సైటును కూడా బ్రౌజర్ అసలుదని నమ్మే అవకాశం ఉండేది. చివరికి లెనోవో విడిగా ఒక రిమూవల్ టూల్ ఇవ్వాల్సి వచ్చింది.

అందుకే మిగిలినవాటిలో ఇంకా పనిచేస్తున్నవేంటో చూడండి. టాస్క్ మేనేజర్‌లో స్టార్టప్ యాప్స్, బ్రౌజర్‌లో ఎక్స్‌టెన్షన్లు, మారిపోయిన హోమ్‌పేజీ చూసుకుంటే మామూలు ప్రోగ్రాములకు చాలు. ఇంకా లోతుగా చూడాలంటే మైక్రోసాఫ్ట్ ఉచితంగా ఇచ్చే ఆటోరన్స్ అనే టూల్ ఉంది. వెనకాల నడిచే సర్వీసులు, వాటంతటవే మొదలయ్యే షెడ్యూల్డ్ టాస్కులు అన్నీ అందులో ఒకేచోట కనిపిస్తాయి. అనుమానం ఉన్నదాన్ని డిలీట్ చేయకుండా టిక్ తీసేయండి. తేడా వస్తే మళ్లీ పెట్టుకోవచ్చు.

యాంటీవైరస్ సంగతి వేరు. తనను ఎవరూ తీసేయకుండా అదే కాపలా కాసుకుంటుంది, డ్రైవర్లు కూడా వేస్తుంది. మామూలుగా అన్‌ఇన్‌స్టాల్ చేసినా పోకపోతే తయారీ కంపెనీ ఇచ్చే రిమూవల్ టూల్ వాడి, రీస్టార్ట్ చేయండి. తర్వాత విండోస్ సెక్యూరిటీ తెరిచి, విండోస్ సొంత యాంటీవైరస్ అయిన డిఫెండర్ ఆన్ అయిందో లేదో తప్పకుండా చూసుకోండి.