పోస్ట్‌కార్డు మీద రాయకండి

పోస్ట్‌కార్డుకు జరిగిన అన్యాయాల్లో అన్నిటికన్నా పెద్దది, దాని మీద ఉత్తరాలు రాయడం. ఈ మాట ఇంట్లో అంటే మా ఆవిడ, "మరి దేనికి పుట్టిందట అది? పచ్చడి జాడీ మీద మూత పెట్టనీకా?" అన్నది. తెలియని వాళ్లతో వాదన వద్దని పెద్దలు చెప్పారు కాబట్టి, కార్డులు చంకన పెట్టుకొని మేడ మీదికి పోయాను.

నేను నల్లగొండ వాసిని. పాతవీ కొత్తవీ కలిపి మన దేశపు బొమ్మల పోస్ట్‌కార్డులు పోగు చేస్తుంటాను. ఈ విద్యకు ఇంగ్లిషులో డెల్టియాలజీ అని పేరుంది. ఆ పేరు చెబితే చుట్టాలు, "ఎన్ని రోజుల నుంచి ఉన్నది? మందులు వాడుతున్నవా?" అని అడుగుతున్నారు. పోనీ తేలికగా 'కలెక్టర్‌ను' అని చెప్పుకుందామంటే, బస్సులో పక్క సీటు పెద్దాయన పాస్‌బుక్కులో తక్కువ పడ్డ నాలుగు గుంటల కథ నార్కట్‌పల్లి నుంచి చిట్యాల దాకా చెప్పి, దిగేటప్పుడు అర్జీ చేతిలో పెట్టాడు. తీసుకున్నాను. ఏం చేస్తాం?

చరిత్ర కొంచెం చెప్పుకోవాలి. 1869 అక్టోబర్ 1న ఆస్ట్రియా-హంగరీలో ప్రపంచపు తొలి పోస్ట్‌కార్డు పుట్టింది. మన దగ్గరికి 1879 జూలై 1న వచ్చింది. ధర పావు అణా. బొమ్మా గిమ్మా లేదు, ఉత్త అట్ట. బొమ్మలు తరవాత వచ్చాయి, వాటి వెంటే నేరమూ వచ్చింది. మొదట్లో కార్డుకు ఒక వైపు మొత్తం చిరునామాకే ఇచ్చారు. రాయదలుచుకున్నది ఏదైనా బొమ్మ ఉన్న వైపే రాయాలి. దాంతో తాజ్‌మహల్ మినార్ల నడుమ ఒకరి జ్వరం సంగతి, ఏనుగు పొట్ట మీద ఇంకొకరి ఓడ టికెట్టు సంగతి. చూస్తే కడుపు తరుక్కుపోతుంది. చివరికి 1902లో బ్రిటన్ వాళ్లు వెనక వైపు నడుమ గీత గీసి, ఎడమన ఉత్తరం, కుడిన చిరునామా అన్నారు. మిగతా దేశాలూ ఒకటొకటిగా ఆ దారి పట్టాయి. విభజన జరిగి, నీళ్ల పంచాయితీ లేకుండా ఇరుపక్షాలూ సుఖపడ్డ సందర్భం నాకు తెలిసి అదొక్కటే.

ఆ కాలపు కార్డుల్లో దొరలకు నచ్చిన దేశం కనబడుతుంది. పాములవాడు, తోలు తిత్తితో నీళ్లు మోసే భిస్తీ, బండ మీద బట్టలు బాదే ధోబీ, దొరగారి పిల్లను ఎత్తుకున్న ఆయా. బొంబాయిలో క్లిఫ్టన్, మద్రాసులో హిగిన్‌బాథమ్స్ ఇలాంటివి అమ్మేవాళ్లు. లండన్‌లో రాఫెల్ టక్ కంపెనీ, తైలవర్ణ చిత్రమా అన్నట్టుండే 'ఆయిలెట్' కార్డులు వేసింది. రవివర్మ ప్రెస్సు దేవతలను కార్డుల్లోకి దించింది, ధురంధర్ బొంబాయి వీధి మనుషులను గీశాడు. ఇంట్లో చాకిరీ చేసే మనిషి లాంటి బొమ్మ కొని, ఆ మనిషి చేతనే డబ్బాలో వేయించి, 'ఇక్కడ నౌకర్లతో చాలా కష్టంగా ఉంది' అని దొరసానులు లండన్ అత్తలకు రాసి ఉంటారని నా అనుమానం. రుజువు అడగకండి. నేను కార్డు వెనక వైపు చదవను.

సరే, ఇంత మంది ఇన్ని బొమ్మలు వేశారు కదా, నల్లగొండ ఏది? లాలా దీన్‌దయాళ్ అంతటి ఫోటోగ్రాఫర్ సికింద్రాబాద్‌లో స్టూడియో పెట్టుకున్నాడు. అక్కడికి వంద కిలోమీటర్ల దూరంలో మా గుట్టలు రెండూ తల దువ్వుకొని నిలబడే ఉన్నాయి. నా పాత కార్డుల పెట్టెలో మాత్రం నల్లగొండ పేరుతో ఒక్కటి లేదు.

ఈ అన్యాయాన్ని నేనే సరిదిద్దాను. నల్లగొండ పాత పేరు నీలగిరి. పాత కార్డుల బజారులో 'నీలగిరి' అని అచ్చయినవి కొల్లలు: ఊటీ చెరువు, టీ తోటలు, తోడా గిరిజనుల గుడిసెలు. వాటన్నిటినీ నల్లగొండ ఫైలులోకి బదిలీ చేశాను. ఊటీ చెరువు కార్డు చూసి మా వీధి పెద్దమనిషి ఒకాయన, "మన ఉదయసముద్రం చెరువు గింత మంచిగుండెనా సారూ? అంతా కబ్జా జేసిండ్రు" అని కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. తమిళనాడు ప్రభుత్వానికి అభ్యంతరం ఉంటే ట్రిబ్యునల్‌కు పోవచ్చు. ఏళ్ల తరబడి వాయిదాలు తిరగడం మాకు కొత్త కాదు.

పేర్లతో ఇంకో చిక్కు పిల్లలమర్రి. ఒకటి సూర్యాపేట పక్కన కాకతీయుల గుళ్లున్న ఊరు. ఇంకొకటి పాలమూరు పక్కన, 700 ఏళ్లదని చెప్పుకునే మర్రిచెట్టు, దాదాపు మూడెకరాల ఊడలు. కార్డులు మార్చుకునే మిత్రుణ్ని నేను చెట్టు అడిగితే గుడి పంపాడు. వాపసు చేస్తే, 'గుడి వెనక చెట్టున్నది, సరిగ్గ చూడు' అని రాసి మళ్లీ పంపాడు. కార్డు మీదే రాశాడు, పాపాత్ముడు. ఇంతకీ 2018లో ఆ మర్రికి చెదలు పట్టి కొమ్మలు విరుగుతుంటే, దవాఖానాలో మాదిరి సీసాలు వేలాడదీసి మందు ఎక్కించారు. సెలైన్ పెట్టించుకున్న మర్రిచెట్టు! స్విట్జర్లాండ్ దగ్గర ఉందా ఇలాంటి బొమ్మ? దాన్ని కార్డుగా వేసిన మహానుభావుడు మాత్రం ఇంతవరకు నాకు తగల్లేదు.

కొత్త కార్డుల్లో నాగార్జునసాగర్‌కు తిరుగులేదు. కార్డులో 26 గేట్లూ ఎప్పుడూ లేచే ఉంటాయి. మనం పిల్లల్ని ఎక్కించుకొని పోయిన ఆదివారం ఒక్కటీ లేవదు. ఆకాశానికి నీలిమందు పెట్టి ఉతికినట్టుంటుంది. 1955లో నెహ్రూ శంకుస్థాపన చేసిన డ్యాం ఇది, రాయి మీద రాయి పేర్చి కట్టింది. రాళ్లెత్తిన వాళ్లు ఏ కార్డులోనూ లేరు. పాలమూరు కూలీలు దేశమంతా తిరిగి ఎన్ని ఆనకట్టలు కట్టారో లెక్క లేదు గాని, ఆరంగుళాల అట్ట మీద అంత మంది ఎట్లా పడతారు? అచ్చువేసే వాళ్ల ఇబ్బందులు కూడా మనం అర్థం చేసుకోవాలి.

సేకరణలో అసలు మజా టపా ముద్ర. అలంపూర్ గుడి కార్డు మీద అలంపూర్ ముద్రే పడాలి, గద్వాల కోట మీద గద్వాలదే. అందుకని ఊరూరా తిరిగి, నాకు నేనే కార్డు వేసుకుంటాను. చిరునామా తప్ప అక్షరం ఉండదు. మొదట్లో మా పోస్ట్‌మన్, "సారూ, పాపం ఎవరో రాసుడు మర్శిండ్రు" అని బాధపడేవాడు. ఇప్పుడేమీ అనడు. బెల్లు మాత్రం కొంచెం మెల్లగా కొడుతున్నాడు, రోగి ఉన్న ఇంటి ముందు కొట్టినట్టు. ఒక కౌంటర్‌లో అయితే (ఊరు చెప్పను) బొమ్మల కార్డులున్నాయా అని అడిగితే, "ఆధార్ అప్‌డేట్ ఆ పక్క లైన్" అన్నారు. పోనీ మామూలు కార్డొకటి ఇమ్మని రూపాయి ఇచ్చాను. కార్డు 50 పైసలు. చిల్లర లేదని రెండు ఇచ్చారు. ఇలా నా దగ్గర అక్కరలేని కార్డులు చాలా పోగయ్యాయి. రాసుకునే వాళ్లకు ఇద్దామంటే అలాంటి వాళ్లు దొరకడం లేదు.

మా బద్ధశత్రువులు ముగ్గురు. స్టాంపుల సేకరణ వాళ్లు మొదటివాళ్లు: చార్మినార్ కార్డు చేతికిస్తే మూలన స్టాంపు కత్తిరించుకొని మిగతాది పారేస్తారు. రెండో శత్రువు పసుపు. శుభవార్త రాశారంటే నాలుగు మూలలకూ పూసేవాళ్లు, ఆ మరక ఇక పోదు. మూడోది తీగ. మన తాతల కాలంలో ప్రతి ఇంట్లో దూలానికి ఒక వంకర ఇనుప తీగ వేలాడేది. వచ్చిన కార్డును చదివించుకోవడం, తీగకు గుచ్చడం. హౌరా బ్రిడ్జి అయినా, అజంతా అప్సరస అయినా సరిగ్గా నడుమ చిల్లు. కోట్ల ఆస్తి అలా పోయింది. చావు కబురు తెచ్చిన కార్డునైతే చదవగానే చింపేసేవాళ్లు. అందులో ఎన్ని అరుదైనవి పోయాయో తలుచుకుంటే దుఃఖం వస్తుంది, కార్డుల గురించే.

పోయిన ఎండాకాలం దేవరకద్ర వైపు ఒక ఊళ్లో అలాంటి తీగ ఇంకా ఉందని తెలిసి పరుగెత్తాను. ఎనభై దాటిన ముసలమ్మ. తీగ నిండా ఉత్త కార్డులే, నడుమ ఒకటి రంగులది: బొంబాయి గేట్‌వే, ముందర సముద్రం, పడవలు. కమాను నెత్తిన చిల్లు. అయినా రెండు వందలు ఇస్తానన్నాను. ఆమె బేరమాడలేదు. "సదువు" అన్నది.

నియమం పక్కన పెట్టి వెనక్కి తిప్పాను. పెన్సిల్ రాత. ఆమె పెనిమిటి తన తండ్రికి రాసింది. నాయినకు దండాలు. ఈడ పని దొరికింది. ఆడ వానలు పడ్డయా? ఎర్ర ఎద్దు కాలు మానిందా? ఇంట్ల అందరిని అడిగినట్టు చెప్పుండ్రి.

"ఆ అందరిల నేనున్న బిడ్డా" అన్నది ముసలమ్మ. కాసేపాగి ఆమే పరిష్కారం చెప్పింది: "బొమ్మ నువ్వు తీస్కపో. రాత నాకియ్యి."

న్యాయమైన పంపకమే. ఇంటికొచ్చి తెలిసినవాళ్లను విచారించాను. అట్టను నీళ్లలో నానబెడితే రెండు పొరలుగా ఊడొచ్చట, పెన్సిల్ రాత నిలుస్తుందో లేదో ఎవరూ హామీ ఇవ్వలేదు. ప్రస్తుతానికి నా రిజిస్టర్‌లో ఇలా ఎక్కించాను: బొంబాయి, గేట్‌వే, రంగుల అచ్చు, నడుమ చిల్లు, వెనక రాత ఉంది. ఉన్న చోటు: తీగ మీద. ధర: అమ్మరు.